కారణం వెతకండి: పిల్లల డాక్టర్లకు ఒక తల్లి బహిరంగ లేఖ

పిల్లల వైద్యులకు, వైద్య సంఘాల పెద్దలకు నమస్కారం.

ఎదుగుదలలో వెనకబడిన పిల్లలున్న తల్లిదండ్రులం కొందరం కలిసి, మా ఇబ్బందులన్నీ రాసి ఒక వైద్య సంఘానికి పంపాం. జవాబు రాలేదు. మళ్లీ గుర్తుచేశాం. అందిందన్న కబురైనా లేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాం. మా పిల్లల జ్వరాలకు, ఆయాసాలకు అర్ధరాత్రి లేచి వచ్చిన డాక్టర్లు మీలో ఉన్నారు. ఆ కృతజ్ఞత మాకెప్పుడూ ఉంటుంది. మా ఫిర్యాదు వేరే విషయం మీద.

కూర్చోవడం, నడవడం, చేత్తో వస్తువులు పట్టుకోవడం, మాటలు, మనుషులతో కలవడం, విషయం గ్రహించడం, తన పనులు తాను చేసుకోవడం. వీటిలో కనీసం రెండింటిలో బాగా వెనకబడిన ఐదేళ్లలోపు బిడ్డకు 'గ్లోబల్ డెవలప్‌మెంటల్ డిలే' అని రాస్తారు. నూటికి ఒకరి నుంచి ముగ్గురు పిల్లలు ఇలా ఉంటారు. ఏదో రకమైన ఎదుగుదల లోపం ఉన్న ఐదేళ్లలోపు పిల్లలు 2016లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 5.3 కోట్లని అంచనా. 1990లోనూ ఇంచుమించు ఇంతే. ఈ మధ్యలో పసిపిల్లల మరణాలు సగానికి పైగా తగ్గాయి, ఈ అంకె మాత్రం కదల్లేదు.

మా పిల్లల ఫైళ్లు తెరిస్తే మొదటి పేజీలో 'ఎదుగుదల ఆలస్యం' అని ఉంటుంది. దాని కింద ఒక టానిక్కు, ఫిజియోథెరపీ, మూడు నెలల తర్వాత మళ్లీ రమ్మన్న తేదీ. ఆలస్యం ఎందుకైందో రాసే చోటు చాలామంది ఫైళ్లలో ఏళ్ల తరబడి ఖాళీగానే ఉంది. కొందరికి ఎంత వెతికినా కారణం దొరకదని మాకు తెలుసు. అసలు వెతక్కపోవడం గురించే మా బాధ. దానివల్ల ఇళ్లలో ఏం జరుగుతోందో కింద రాస్తున్నాం.

1. 'చూద్దాం లెండి' అన్న మాట

పిల్లలందరూ ఒకే నెలలో నడవరని మాకూ తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన లెక్కల ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో ఒకరు ఎనిమిది నెలలు దాటగానే నడిస్తే, మరొకరు పదిహేడున్నర నెలలకు నడవొచ్చు. పాకకుండానే నేరుగా లేచి నడిచేవాళ్లూ ఉన్నారు. కాబట్టి ప్రతి ఆలస్యానికీ కంగారు పెట్టమని మేం అడగడం లేదు.

కానీ ఆగకూడని గుర్తులు కొన్ని ఉన్నాయి, అవి మీకు మాకంటే బాగా తెలుసు. తొమ్మిది నెలలు దాటినా ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం. ఏడాది వచ్చినా వేలు పెట్టి చూపించడం, టాటా చెప్పడం లాంటి సైగలేవీ లేకపోవడం. ఏడాది నిండకముందే ఎప్పుడూ ఒకే చేయి వాడడం. 18 నెలలకూ నడవకపోవడం. తల చుట్టుకొలత వయసుకు తగ్గట్టు పెరగకపోవడం, లేదా అతిగా పెరగడం. వీటన్నిటికంటే ముఖ్యం, వచ్చిన పనో మాటో పోవడం. రెట్ సిండ్రోమ్ ఉన్న ఆడపిల్ల మొదటి నెలలు బాగానే గడిపి, తర్వాత చేతులతో చేసే పనులు మరిచిపోతుంది, వచ్చిన నాలుగు మాటలూ పోతాయి. ఆండ్రియాస్ రెట్ దీన్ని 1966లోనే వివరించారు. దానికి కారణమైన ఎంఈసీపీ2 జన్యువు 1999లో దొరికింది. ఇన్నేళ్ల తర్వాత కూడా 'నిన్నటిదాకా అమ్మా అనేది, ఇప్పుడు అనడం లేదు' అని తల్లి చెబితే, 'మూడ్ బాగోలేదేమో' అన్న జవాబు రాకూడదు.

'మగపిల్లలకు మాటలు కాస్త లేటే' అన్నది మా ఇళ్లలో పెద్దవాళ్లు అనే మాట. అదే మాట డాక్టర్ నోట వస్తే తల్లిదండ్రులు రెండేళ్లు నిశ్చింతగా కూర్చుంటారు. ప్రతి వెయ్యి మంది పిల్లల్లో ఒకరి నుంచి ముగ్గురు పుట్టుకతోనే వినికిడి లోపంతో ఉంటారు. నెల లోపు వినికిడి పరీక్ష, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు సాయం మొదలు కావాలన్నది మీ వృత్తి పెట్టుకున్న లక్ష్యమే. మాట రాని బిడ్డకు చెవి పరీక్ష చేయించకుండా స్పీచ్ థెరపీకి పంపిన సంగతులు మా గుంపులోనే ఉన్నాయి.

2. మందున్న జబ్బులు దాటిపోతున్నాయి

మాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది ఇదే. పుట్టుకతో థైరాయిడ్ పనిచేయని పిల్లలు రెండు వేల నుంచి నాలుగు వేల మందిలో ఒకరుంటారు. మొదటి రెండు వారాల్లో థైరాక్సిన్ మాత్ర మొదలుపెడితే ఆ బిడ్డ మామూలుగా పెరగగలదు. నెలలు గడిచేకొద్దీ పోయిన తెలివి వెనక్కి రాదు. ఆహారంలోని ప్రొటీన్‌లో ఉండే ఒక పదార్థాన్ని శరీరం వాడుకోలేక మెదడు దెబ్బతినే ఫినైల్‌కీటోన్యూరియా అనే జబ్బును నార్వేలో ఫోలింగ్ 1934లో కనిపెట్టారు. ఆహారం మార్చి దాన్ని అదుపు చేయవచ్చని 1953లో బికెల్ చూపించారు. మడమ నుంచి తీసిన రక్తపు బొట్టుతో దాన్ని పట్టుకునే పరీక్షను 1960ల మొదట్లో గుత్రీ తెచ్చారు. అంటే మా తాతల కాలంలోనే తెలిసిన సంగతి ఇది.

తల్లికి బి12 తక్కువగా ఉంటే, ఆమె పాలే తాగే బిడ్డకూ అది అందదు. నవ్వే బిడ్డ నవ్వడం మానేస్తుంది, మెత్తబడిపోతుంది, కొందరిలో వణుకు మొదలవుతుంది. సకాలంలో బి12 ఇంజెక్షన్ ఇస్తే కొద్ది రోజుల్లోనే తేడా కనిపిస్తుంది. బయోటినిడేజ్ లోపానికి మందు బయోటిన్ అనే ఒక విటమినే. గ్లట్1 లోపంలో మెదడుకు గ్లూకోజ్ సరిగా అందదు. అలాంటి బిడ్డకు కొవ్వు ఎక్కువగా, పిండిపదార్థాలు బాగా తక్కువగా ఉండే కీటోజెనిక్ ఆహారం ఇస్తే ఫిట్స్ తగ్గుతాయి. బుద్ధి ఎదుగుదలను దెబ్బతీసే, చికిత్స ఉన్న జీవరసాయన జబ్బులు, అంటే శరీరంలో రసాయన చర్యలు సరిగా జరగక వచ్చేవి, 80కి పైగా ఉన్నాయని 2012 నాటికే లెక్కగట్టారు.

'అవన్నీ చాలా అరుదమ్మా' అంటారు. విడివిడిగా చూస్తే నిజమే. కానీ ఎనభై అరుదైన జబ్బుల్లో ఒక్కదాన్నీ అడగకుండా, ఒక్క రక్తపరీక్షా ఒక్క మూత్రపరీక్షా చేయకుండా టానిక్కు రాయడం ఎలా సరైనదో మాకు అర్థం కావడం లేదు.

3. 'పుట్టగానే ఏడవలేదు కదా'

ఈ ఒక్క వాక్యంతో ఎన్నో ఫైళ్లు మూతపడ్డాయి. పుట్టేటప్పుడు మెదడుకు ప్రాణవాయువు అందకపోవడం నిజంగానే పెద్ద కారణం. నెలలు నిండిన బిడ్డకు అలా జరిగితే ఆరు గంటల్లోపు శరీరాన్ని చల్లబరిచే చికిత్స మొదలుపెట్టి 72 గంటలు కొనసాగించే పద్ధతి కూడా ఉంది. అయితే నిజంగా ఆ దెబ్బ తగిలిన బిడ్డలో దాని జాడలు ఉంటాయి. బొడ్డుతాడు రక్తంలో ఆమ్లం, మొదటి రోజుల్లోనే మగత, ఫిట్స్, పాలు తాగలేకపోవడం, తర్వాత ఎంఆర్ఐలో కనిపించే మార్పులు. ఇవేవీ లేకపోయినా కాస్త ఆలస్యంగా ఏడ్చిన ప్రతి బిడ్డకూ అదే కారణం రాసేస్తున్నారు. ప్రాడర్ విల్లీ సిండ్రోమ్ లాంటి జన్యు సమస్య వల్ల కండరాలు మెత్తగా ఉన్న బిడ్డ కూడా పుట్టగానే గట్టిగా ఏడవలేకపోతుంది. అక్కడ ఏడవకపోవడం కారణం కాదు, లోపల ఉన్న సమస్యకు అది గుర్తు.

తప్పు కారణం రాయడం వల్ల కాన్పు చేసిన వాళ్ల మీద కోపం పెరుగుతుంది, తల్లి 'ఆ రోజు ఇంకో ఆసుపత్రికి వెళ్లి ఉంటే' అని జీవితాంతం కుమిలిపోతుంది. 'ఇది కాన్పులో అయింది, మళ్లీ రాదు' అన్న భరోసాతో రెండో బిడ్డను కంటారు. ఆ బిడ్డా అలాగే పుట్టిన ఇళ్లు ఉన్నాయి.

4. జన్యువుల సంగతి

'మీ వంశంలో ఎవరికైనా ఇలా ఉందా?' అని అడుగుతారు. లేదంటే జన్యువుల మాట అక్కడితో ముగుస్తుంది. ఇది శాస్త్రం ప్రకారం నిలబడే పద్ధతి కాదు. ప్రతి మనిషీ తల్లిదండ్రుల్లో లేని కొత్త జన్యు మార్పులు అరవై డెబ్బై దాకా తనతో తెచ్చుకుంటాడు. వాటిలో ఎక్కువ భాగం ఏ హానీ చేయనివే. ఏదో ఒకటి మెదడు ఎదుగుదలకు కీలకమైన జన్యువులో పడితే బిడ్డ వెనకబడుతుంది. వంశవృక్షం మొత్తం తిరగేసినా ఇంకెవరూ కనిపించరు. మరోవైపు, తల్లికీ తండ్రికీ ఒకే జన్యువులో లోపం దాగి ఉంటే ఇద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు, కానీ ప్రతి కాన్పులో నూటికి 25 వంతులు బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం ఉంటుంది. తల్లిదండ్రులు దగ్గరి రక్తసంబంధీకులైతే ఈ ముప్పు పెరుగుతుంది. కాకపోయినా ఉంటుంది.

మా పాపది మొదటి రకం. 'ఈ మార్పు మీ ఇద్దరిలోనూ లేదు, పాపలోనే కొత్తగా వచ్చింది' అని జన్యు సలహాదారు రిపోర్టు చూపించి చెప్పిన రోజు, మా రెండు కుటుంబాల మధ్య ఏళ్లుగా నడుస్తున్న 'మీ వైపు నుంచా, మా వైపు నుంచా' అన్న గొడవ ఆగిపోయింది. ఆ రిపోర్టు మందేమీ ఇవ్వలేదు. అయినా నాకు అది చికిత్సంత విలువైనది. తర్వాతి బిడ్డకు మళ్లీ వచ్చే అవకాశం చాలా తక్కువ, నూటికి ఒకటి ప్రాంతం అని కూడా అప్పుడే తెలిసింది. అప్పటిదాకా రెండో బిడ్డ మాటెత్తితేనే ఇంట్లో టెన్షన్.

వంశ చరిత్ర అడిగేటప్పుడు కూడా సరైన ప్రశ్న అడగాలి. వంశపారంపర్యంగా వచ్చే బుద్ధిమాంద్యానికి అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం ఫ్రాజైల్ ఎక్స్ సిండ్రోమ్. ఎఫ్ఎంఆర్1 జన్యువులో మూడక్షరాల ముక్క ఒకటి 200 సార్లకు మించి పునరావృతమైతే అది వస్తుంది. 55 నుంచి 200 మధ్య ఉన్నవాళ్లు తెలివితేటల్లో సాధారణంగా మామూలుగానే ఉంటారు. కానీ వాళ్లలో కొందరికి వేరే సమస్యలు వస్తాయి. అందుకే బిడ్డకు అమ్మ తరఫు తాత చేతులు వణుకుతూ తూలుతూ నడుస్తున్నారా, పెద్దమ్మకో పిన్నికో నలభై నిండకముందే నెలసరి ఆగిపోయిందా అని అడగాలి. మాలో ఎవరినీ ఎవరూ ఇలా అడగలేదు.

పరీక్షల సంగతీ అంతే. 'జెనెటిక్ టెస్ట్ చేశాం, నార్మల్' అని ఒకే ముక్కలో చెబుతారు. ఏ టెస్ట్? క్రోమోజోములను మైక్రోస్కోపులో చూసే కారియోటైప్‌లో, డౌన్ సిండ్రోమ్ లాంటివి పక్కన పెడితే, నూటికి ముగ్గురిలోనే కారణం తేలుతుంది. క్రోమోజోముల్లో పోయిన, ఎక్కువైన చిన్న ముక్కలను పట్టుకునే క్రోమోజోమల్ మైక్రోఅర్రేలో నూటికి 15 నుంచి 20 మందిలో తేలుతుంది. దాన్ని మొదటి పరీక్షగా చేయాలని 2010లోనే నిపుణులు సూచించారు. జన్యువుల్లో ప్రొటీన్లకు సూచనలిచ్చే భాగాలను అక్షరం అక్షరం చదివే ఎక్సోమ్ సీక్వెన్సింగ్‌లో ఇంకా ఎక్కువ, దాదాపు మూడో వంతు పిల్లల్లో. దాన్ని మొదటి లేదా రెండో వరుస పరీక్షగా వాడొచ్చని 2021లో అమెరికా వైద్య జన్యుశాస్త్ర నిపుణుల సంఘం చెప్పింది. ఇన్ని ఉన్నా మైక్రోఅర్రేలో ఫ్రాజైల్ ఎక్స్ కనిపించదు, దానికి వేరే పరీక్ష కావాలి. ఒక పరీక్షలో ఏమీ రాలేదంటే ఆ పరీక్షకు అందేవి లేవని మాత్రమే అర్థం. ఈ ఒక్క విషయం విడమరిచి చెప్పకపోవడం వల్ల 'జన్యువులు బాగానే ఉన్నాయట' అనుకుని రెండో కాన్పుకు సిద్ధపడినవాళ్లు మాలో ఉన్నారు. 'అర్థం తేలని మార్పు' అని వచ్చిన రిపోర్టును చూసి అదే జబ్బని నమ్మి కుంగిపోయినవాళ్లూ ఉన్నారు. ఆ రిపోర్టును ఒకటి రెండేళ్ల తర్వాత మళ్లీ చూడమని అడగొచ్చని, అప్పటికి కొందరిలో సమాధానం దొరుకుతుందని వాళ్లకెవరూ చెప్పలేదు.

డౌన్ సిండ్రోమ్ ముఖం చూస్తేనే తెలుస్తుంది, పరీక్ష దేనికంటారు కొందరు. ఆ పిల్లల్లో నూటికి ముగ్గురు నలుగురికి 21వ క్రోమోజోమ్ భాగం ఇంకో క్రోమోజోముకు అతుక్కుని వస్తుంది. అది తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చిందైతే మళ్లీ వచ్చే అవకాశం పెరుగుతుంది. అది ముఖం చూసి చెప్పేది కాదు.

జబ్బు పేరు తెలిస్తే మందు మారుతుంది కూడా. పసితనంలోనే తీవ్రమైన ఫిట్స్ మొదలయ్యే డ్రావే సిండ్రోమ్‌లో ఎక్కువగా ఎస్‌సీఎన్1ఎ జన్యువు దెబ్బతింటుంది. అలాంటి బిడ్డకు ఫిట్స్ తగ్గాలని కార్బమజెపిన్ లాంటి సోడియం ఛానల్ మందులు ఇస్తే ఫిట్స్ పెరగొచ్చు. టీకా వల్లే మెదడు దెబ్బతిందని అనుకున్న 14 మందిని పరీక్షిస్తే 11 మందిలో ఈ జన్యువులోనే మార్పు ఉందని 2006లో వచ్చిన పరిశోధన తేల్చింది. అసలు కారణం వెతికి చెప్పకపోతే తల్లిదండ్రులు ఏదో ఒక కారణం వెతుక్కుంటారు, టీకాలు మానేస్తారు. ఇది మీ పనికే అడ్డు.

ఇంకొక్కటి. నడక ఆలస్యమైన మగబిడ్డకు సీకే అని ఒక మామూలు రక్తపరీక్ష ఉంది. అది చాలా ఎక్కువగా వస్తే డుషెన్ కండరాల క్షీణత ఏమోనని అనుమానించాలి. తల్లి ద్వారా కొడుకులకు రాగల ఈ జబ్బు చాలామందిలో నాలుగైదేళ్లకు గానీ బయటపడదు. ఈలోగా అదే తల్లికి ఇంకో కొడుకు పుడతాడు, ఆమె చెల్లెలికీ కొడుకు పుడతాడు.

5. గడువున్న పరీక్షలు, చుట్టూ ఉన్న విషాలు

కడుపులో ఉండగా, బిడ్డ వినికిడిని, మెదడును దెబ్బతీయగల సైటోమెగలో వైరస్ సోకిందో లేదో నిశ్చయంగా చెప్పాలంటే బిడ్డ పుట్టిన మూడు వారాల్లోపు మూత్రమో లాలాజలమో పరీక్షించాలి. ఆ తర్వాత వైరస్ కనిపించినా ఎప్పుడు సోకిందో చెప్పలేరు. పుట్టిన బిడ్డ వినికిడి పరీక్షలో తప్పితే ఈ పరీక్ష గుర్తుకు రావాలి. పిల్లల మెదడును దెబ్బతీసే సీసం విషయం ఇంకా దారుణం. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో అది డెసీలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకంటే ఎక్కువ ఉందని 2020లో యునిసెఫ్ అంచనా వేసింది. ఇంత ఉంటే పరవాలేదు అనే మోతాదంటూ లేదు. మాలో ఎవరి బిడ్డకూ ఎవరూ సీసం పరీక్ష రాయలేదు. అయోడిన్ లోపం, ఐరన్ లోపం, తీవ్రమైన కామెర్లు, నెలలు నిండని కాన్పు, బిడ్డ గర్భంలో ఉండగా తల్లి వాడిన వాల్‌ప్రోయేట్ (ఫిట్స్ మందు) లాంటి మందులు, మద్యం. ఇవన్నీ అడిగితే తెలిసే కారణాలు.

6. నింద ఎవరి మీద పడుతోంది

మీరు కారణం ఖాళీగా వదిలిన చోట ఇంట్లోవాళ్లు తల్లి పేరు రాస్తారు. ఏం తిందో, ఎందుకు ఉద్యోగానికి వెళ్లిందో, బిడ్డతో ఎందుకు మాట్లాడలేదో అని. ఇల్లు వదిలి పుట్టింటికి వెళ్లిపోవలసి వచ్చిన తల్లులు మాలో ఉన్నారు. మీరు భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి ఐదు నిమిషాలు చెప్పే మాటకు ఈ నిందను ఆపే బలం ఉంది.

ఇక మేం కోరేవి.

ముందుగా, 9, 18, 30 నెలల వయసులో ప్రతి బిడ్డ ఎదుగుదలనూ ఒక ప్రామాణిక ప్రశ్నావళితో చూడండి. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ సూచించే వయసులు ఇవే. కంటికి బాగానే ఉన్నాడు అన్న అంచనా చాలదు. 'చూద్దాం' అనవలసి వస్తే ఎప్పటివరకు చూడాలో, ఏది రాకపోతే ఏ పరీక్ష చేయిస్తారో చీటీ మీద రాసివ్వండి. వచ్చిన పని పోయిన బిడ్డకు మాత్రం ఆగడమన్నదే వద్దు, వెంటనే పిల్లల నరాల నిపుణుల దగ్గరికి పంపండి.

ఆలస్యం ఉందని తేలిన ప్రతి బిడ్డకూ వినికిడి, చూపు, థైరాయిడ్, బి12, ఐరన్, సీసం చూడండి. మగబిడ్డ నడక ఆలస్యమైతే సీకే చేర్చండి. చికిత్స ఉన్న జీవరసాయన జబ్బుల పరీక్షలు జన్యు పరీక్షల కంటే వెనక పడకూడదు.

జన్యు పరీక్షకు ముందు, తర్వాత కూడా జన్యు సలహా అందేలా చూడండి. ఏ పరీక్ష చేశారో, అది ఏమేం చూడలేదో రిపోర్టుతో పాటు మామూలు మాటల్లో రాసివ్వండి. ఆ రిపోర్టు మాది, దాని పూర్తి కాపీ మాకివ్వాలి. పరీక్ష ఖర్చు భరించలేనివాళ్లకు ఏ క్రమంలో చేయించుకుంటే మేలో చెప్పండి. 'ఖర్చెందుకు, ఎలాగూ మందు లేదు కదా' అని మా తరఫున మీరే నిర్ణయించకండి.

థెరపీని పరీక్షల కోసం ఆపకండి. పరీక్షలను థెరపీ పేరుతో ఆపకండి. మా పిల్లలకు రెండూ ఒకేసారి కావాలి.

కాన్పు నాటి వివరాలు, అంటే బిడ్డ ఎప్పుడు ఏడ్చిందో, ఊపిరి అందించవలసి వచ్చిందో లేదో, చక్కెర, కామెర్లు ఎంత ఉన్నాయో, పుట్టినప్పటి తల చుట్టుకొలత ఎంతో డిశ్చార్జి కాగితంలో ఉండాలి. ఇవి లేక ఏళ్ల తర్వాత మేం జ్ఞాపకం మీద చెప్పే ముక్కలతోనే పెద్ద పెద్ద నిర్ణయాలు జరుగుతున్నాయి.

ఈ లేఖకు సంఘం తరఫున రాతపూర్వకంగా జవాబివ్వండి. ఇందులో ఏవి ఒప్పుకుంటారో, ఏవి కుదరవో, ఎందుకు కుదరవో చెప్పండి. మాలో కొందరం వచ్చి కూర్చుని మాట్లాడడానికి సిద్ధంగా ఉన్నాం. పేర్లు తీసేసిన ఫైళ్లు కూడా తెస్తాం.

ఇట్లు,
ఎదుగుదల ఆలస్యమైన పిల్లల తల్లిదండ్రుల తరఫున
ఒక తల్లి